ఇటుక బట్టీ పిల్లలకు టీకాలు: ఒక్కరోజు క్యాంపు కన్నా నెలనెలా సెషన్ మేలు

ప్రశ్న: మాది సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు దగ్గరి ఒక కాలనీ. మా మహిళా సంఘంలో పన్నెండు మందిమి ఉన్నాం. కాలనీ వెనక ఇటుక బట్టీ, దాన్నానుకుని అపార్ట్‌మెంట్ల పని చేసేవాళ్ల రేకుల షెడ్లు. రెండూ కలిపి నూట నలభై కుటుంబాలుంటాయి, ఎక్కువమంది ఒడిశా వాళ్లు. చాలామంది పిల్లలకు టీకాలు పడలేదు. ఏఎన్ఎంను అడిగితే అది తన ఏరియా కాదన్నారు. తల్లులేమో సూది వేస్తే జ్వరమొస్తుంది, కూలి పోతుందంటున్నారు. కొందరి దగ్గర కార్డే లేదు. మా దగ్గర 30 వేలు పోగయ్యాయి. తెలిసిన ప్రైవేటు డాక్టరుగారు ఒక ఆదివారం వచ్చి ఉచితంగా సూదులు వేస్తానంటున్నారు, మందులు మేం కొనాలి. క్యాంపు పెట్టమంటారా?

జవాబు: పెట్టొద్దండి. డాక్టరుగారి మంచితనాన్ని తప్పుపట్టడం లేదు, ఆయన్ని ఇంకో పనికి పిలుచుకోవచ్చు. ఆ సంగతి చివర్లో చెబుతాం.

ముందు లెక్క చూడండి. ఆరు వారాల బిడ్డకు పెంటావాలెంట్ (ఒకే సూదిలో ఐదు జబ్బుల టీకా, పెంటా అంటారు), పోలియో సూది, న్యుమోనియా టీకా పీసీవీ కలిపి మూడు సూదులు పడాలి. వాటితోపాటు పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు. పదో వారంలో పెంటా, చుక్కలు మళ్లీ. పద్నాలుగో వారంలో మళ్లీ మూడు సూదులు, చుక్కలు. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా టీకా ఎంఆర్, పోలియో సూది మూడో డోసు, పీసీవీ బూస్టర్, విటమిన్ ఎ. పెంటా డోసుల మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. ఆదివారం క్యాంపులో పడేది ఇందులో ఒక మెట్టు మాత్రమే. రెండో మెట్టుకు మళ్లీ ఎవరొస్తారు? పైగా పీసీవీ ఒక్క డోసే బయట వేలల్లో ఉంటుంది. మీ 30 వేలు పట్టుమని పాతికమంది పిల్లలకు కూడా రావు. ఇవే టీకాలు సర్కారు దవాఖానాలో పైసా ఖర్చు లేకుండా ఉన్నాయి.

ఇంకో చిక్కు చలువది. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని అందరికీ తెలుసు. ఎండ తగిలితే పాడవుతాయనీ తెలుసు. ఎక్కువ చలికి కూడా పాడవుతాయన్నదే చాలామంది మరిచిపోతారు. అందుకే ఏఎన్ఎంలు ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను తిన్నగా టీకాల పెట్టెలో పెట్టరు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపి చూసి, లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే నాలుగు ప్యాక్‌లను నాలుగు గోడలకు ఆనించి మధ్యలో సీసాలు పెడతారు. పెంటా, పీసీవీ, హెపటైటిస్-బి, టీడీ (ధనుర్వాతం-డిఫ్తీరియా) టీకాలు ఒకసారి గడ్డకడితే ఇక పనిచేయవు. కరిగాక చూడ్డానికి పెద్దగా తేడా కనిపించదు. బిడ్డకు సూది నొప్పి మిగులుతుంది, రక్షణ రాదు. సదుద్దేశంతో ఎవరో టీకాలు కొని రాత్రికి ఇంటి ఫ్రిజ్‌లో, అదీ పై అరలో పెట్టడం వల్ల ఇలా జరుగుతుంది. టీకా కొనడం, దాచడం, మోయడం సంఘం పెట్టుకోకూడని పనులు.

మీరు సాధించాల్సింది వేరే ఉంది. ఆ బట్టీ, ఆ షెడ్లు ఆరోగ్యశాఖ మైక్రోప్లాన్‌లోకి ఎక్కాలి. ఏ ఏఎన్ఎం, ఏ తేదీన, ఏ చోట, ఎంతమందికి టీకాలు వేయాలో రాసి ఉండే పట్టిక అది. టీకాలూ సిరంజిలూ బయల్దేరేది ఆ పట్టికను బట్టే. అందులో లేని చోటికి మనిషి రారు, మందూ రాదు. "మా ఏరియా కాదు" అన్న మాటలో చాలాసార్లు నిర్లక్ష్యం ఉండదు. మున్సిపాలిటీకీ పంచాయతీకీ నడుమ గీత మీద వెలిసిన బట్టీ రెండు దవాఖానాల పటాల్లోనూ లేకుండా పోతుంది. అలాంటప్పుడు ఏఎన్ఎంతో వాదన పెట్టుకుంటే రేపటి నుంచి కలిసి పనిచేయాల్సిన మనిషినే దూరం చేసుకున్నట్టు.

గీత గీయగలిగింది పైవాళ్లు. మీకు దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రం లేదా పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కు ఒక పేజీ అర్జీ రాసి, దాని నకలు జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి పంపండి. ఆయన డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యారోగ్య అధికారి) ఆఫీసులోనే ఉంటారు. రెండు చోట్లా అందినట్టు సంతకం తీసుకోండి. బట్టీకి దారి, గుర్తులు, ఎన్ని కుటుంబాలు, ఏడాదిలోపు పిల్లలెందరు, ఒకటి నుంచి ఐదేళ్లవాళ్లెందరు, గర్భిణులెందరు, మాట్లాడే భాష, మేస్త్రీ ఫోను, వాళ్లు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లిపోతారు ఇవన్నీ అర్జీలో ఉండాలి. చివర్లో రెండే కోరికలు రాయండి: ఈ చోటును హైరిస్క్ ఏరియాగా (టీకాలు అందకపోయే ముప్పు ఎక్కువున్న చోటుగా) చేర్చాలి, నెలకొక ఔట్‌రీచ్ సెషన్ (అక్కడికే వచ్చి టీకాలు వేసే పూట) పెట్టాలి. ఇటుక బట్టీలు, నిర్మాణ స్థలాలు, సంచార జాతుల గుడారాలు హైరిస్క్ జాబితాలో ఉండాలన్నది ఆ శాఖ సొంత నిబంధనే కాబట్టి మీరు కొత్తగా అడుగుతున్నదేమీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పరిస్థితి ఉన్నవాళ్లు తమ గ్రామ లేదా వార్డు సచివాలయంలోని ఏఎన్ఎం ద్వారా మెడికల్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లొచ్చు.

అర్జీలో రాసే అంకెలు ఊహించి వేయకండి. జనాభాలో ఇంత శాతం పసిపిల్లలుంటారని ఆఫీసులో ఒక లెక్క కడతారు గానీ, పడుచు జంటలు ఎక్కువగా వచ్చే బట్టీకి ఆ లెక్క సరిపోదు. ఇల్లిల్లూ తిరగాల్సిందే. ఇద్దరిద్దరు చొప్పున మూడు జట్లయితే ఒక పూటలో అయిపోతుంది. ప్రతి జట్టులోనూ అక్కడే ఉండే ఒడియా ఆవిడ ఒకరు ఉండాలి, ఆమెకు ఆ పూట కూలి ఇవ్వండి. షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో నంబరు వేయండి. ఆ నంబరు, తల్లి పేరు, తండ్రి పేరు, మేస్త్రీ పేరు, బిడ్డ పిలుపు పేరు, పుట్టిన నెల, కార్డు ఉందా లేదా, ఫోను, సొంతూరి పేరు, బ్లాకు పేరు. ఇంతకన్నా ఎక్కువ అడగొద్దు. ఆధార్ నంబరు అసలే వద్దు. ఆధార్ లేదని బిడ్డకు టీకా ఆపకూడదు. కాగితం చూడగానే జనం బెదురుతారు కూడా.

వయసు దగ్గరే చాలా జాబితాలు తప్పుతాయి. "ఎన్ని నెలలు?" అని అడిగితే నోటికొచ్చిన అంకె చెబుతారు. పండగ పేరు చెప్పి అడగండి. పశ్చిమ ఒడిశా వాళ్లకు నువాఖాయ్ పెద్ద పండగ, మన వినాయక చవితి మర్నాడు వస్తుంది. "నువాఖాయ్‌కి ముందు పుట్టిందా, తర్వాతా? ఇక్కడికి వచ్చేటప్పుడు చంకలో ఉందా, కడుపులో ఉందా?" అని రెండు ప్రశ్నలు వేస్తే నెల తేలిపోతుంది. లోపల పడుకున్న బిడ్డనూ, పక్క షెడ్డులో ఆడుకుంటున్న బిడ్డనూ వదిలేయకండి. పల్స్ పోలియో జట్లు పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటికి "పి" అనీ, ఎవరైనా మిగిలిపోయిన ఇంటికి "ఎక్స్" అనీ గుర్తు పెట్టి, మర్నాడు ఎక్స్ ఇళ్లకు మళ్లీ వెళ్తాయి. మీరూ అదే చేయండి. తాళం వేసిన షెడ్డును "పిల్లలు లేరు" అని రాసుకోవడం కన్నా పెద్ద తప్పు ఇందులో లేదు.

పోలియో పోయింది ఇలాంటి లెక్కతోనే. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో కొన్ని బస్తీలు తలుపులు మూసుకున్నప్పుడు ఆ వీధి ఆడవాళ్లనే నియమించి ఇంటింటికీ పంపారు. మసీదు మైకుల్లో చెప్పించారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిలియా వాళ్ల సాయం తీసుకున్నారు. వలస కూలీల బట్టీలకు, నిర్మాణ స్థలాలకు విడిగా పట్టికలు తయారుచేశారు. దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది.

ఇక సమయం. మన దగ్గర టీకాలకు బుధవారం, శనివారం. పొద్దున తొమ్మిదింటికి ఆరోగ్య కేంద్రానికి రమ్మంటే నిర్మాణ కూలీ తల్లికి రోజు కూలి పోయినట్టే, ఆమె మాటలో అబద్ధం లేదు. బట్టీ లెక్క వేరు. అచ్చులు పోసేవాళ్లు తెల్లవారకముందే మొదలుపెట్టి ఎండ ముదిరేసరికి ఆపుతారు. వాళ్లకు పదకొండు నుంచి రెండు వరకు వీలు. నిర్మాణ స్థలంలో అయితే మధ్యాహ్నం అన్నం వేళ, లేదంటే పని దిగాక. ఒకే శనివారం ముందు బట్టీ, తర్వాత షెడ్లు పెట్టుకుంటే ఒక్క పెట్టెతో రెండూ అవుతాయి. సంత రోజునా, వారం ఖర్చుకు డబ్బులిచ్చే రోజునా పెట్టకండి, షెడ్లు ఖాళీగా ఉంటాయి.

బట్టీ యజమానితో మాట మెడికల్ ఆఫీసర్ చేతే చెప్పించండి. ఆరోగ్యశాఖ వెనకే కార్మిక శాఖ వస్తుందేమోనని ఆయనకు గుబులుంటుంది. ఒక్కోసారి ఆ గుబులుకు కారణమూ ఉంటుంది. కూలి బాకీలు, అడ్వాన్సుల గొడవలు టీకా రోజున ఎత్తకండి. జనాన్ని కదలనీయకుండా పెట్టారని కంటపడితే అది తహసీల్దారుకో కలెక్టరుకో విడిగా చెప్పాల్సిన విషయం, బేరానికి వాడేది కాదు. యజమానిని అడగాల్సినవి మూడు: నీడ, తాగే నీళ్లు, బిడ్డను తెచ్చిన తల్లికి ఆ గంటసేపు కూలి కోత లేకపోవడం. మూడోది మేస్త్రీ నోటితో ముందురోజు రాత్రే అందరికీ వినపడాలి.

జ్వరం భయానికి "ఏం కాదు" అన్న జవాబు వద్దు. పెంటా వేశాక ఒకట్రెండు రోజులు జ్వరం, తొడ మీద వాపు చాలామంది పిల్లల్లో వస్తాయి. ముందే చెబితే తల్లి తట్టుకుంటుంది. చెప్పకపోతే రెండో డోసుకు బిడ్డను దాచేస్తుంది. మధ్యలో మానేసేవాళ్లలో చాలామంది అలా దూరమైనవాళ్లే. పారాసిటమాల్ ఎంత పట్టాలో బిడ్డ బరువును బట్టి ఏఎన్ఎం చెబుతారు. సూది పడ్డచోట నూనె రుద్దడం, పసుపు పూయడం, కాపడం పెట్టడం వద్దు. క్షయ టీకా బీసీజీ వేసిన కొన్ని వారాలకు ఎడమ భుజం మీద చిన్న పొక్కు లేచి, చితికి, మచ్చ పడుతుంది. అది మామూలే, మందు రాయక్కర్లేదు. "ఒకే రోజు మూడు సూదులా?" అని తప్పకుండా అడుగుతారు. ఒకటి ఎడమ తొడకు, ఒకటి కుడి తొడకు, పోలియోది కుడి భుజానికి చర్మంలోపల 0.1 మి.లీ. మాత్రమే. మూడుసార్లు జ్వరం, మూడుసార్లు కూలి పోవడం కన్నా ఒక్కసారే అయిపోవడం మంచిదని ఒడియా ఆవిడ చెబితే వింటారు. మనం చెబితే అంతగా వినరు. జలుబు, కొద్దిపాటి జ్వరం, విరేచనాలు ఉన్నాయని టీకా వాయిదా వేయనక్కర్లేదు. బక్కగా ఉన్న బిడ్డకు అవసరం మరీ ఎక్కువ.

కార్డు లేనివాళ్ల సంగతి. ముందు తల్లి ఫోను నంబరుతో యూ-విన్‌లో (టీకాలు నమోదు చేసే సర్కారు ఆన్‌లైన్ వేదిక) వెతకమని ఏఎన్ఎంతో అనండి. దొరక్కపోతే సొంతూరి ఆశాకు ఫోను చేయించండి, అక్కడి రిజిస్టర్‌లో ఉండొచ్చు. ఎడమ భుజం మీద మచ్చ ఉంటే బీసీజీ పడినట్టే. మచ్చ లేనంత మాత్రాన మళ్లీ వేయరు. ఏదీ తేలకపోతే పడనట్టే లెక్కగట్టి వేయడం సురక్షితం, ఒక డోసు ఎక్కువైతే హాని లేదు. ఆలస్యమైన బిడ్డకు మొదటి నుంచి మొదలుపెట్టరు, ఆగిన చోటు నుంచే. ఏడాదిలోపు పెంటా ఒక్కటైనా పడి ఉంటే మిగతావీ పెంటాతోనే పూర్తిచేస్తారు. అసలు మొదలే కాకుండా ఏడాది దాటితే 7 ఏళ్ల వరకు డీపీటీ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా). ఎంఆర్ రెండు డోసులూ, పోలియో చుక్కలూ 5 ఏళ్ల వరకు. బీసీజీ ఏడాదిలోపే. రోటా, పీసీవీ కూడా ఏడాదిలోపే మొదలవ్వాలి. కాబట్టి మీ జాబితాలో పది, పదకొండు నెలల పిల్లల పేర్ల కింద ఎర్రగీత గీయండి, వాళ్లకు వచ్చే నెల అంటే దాటిపోయినట్టు.

ఎంఆర్‌తో ఒక పేచీ వస్తుంది. అది పొడి మందు, ద్రావకం కలిపాక 4 గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. బీసీజీ కూడా అంతే. పెంటా లాంటివి సీసా తెరిచినా, సరిగ్గా చలువలో ఉంచితే 28 రోజులు వాడుకోవచ్చు. అందుకని ఒక్క బిడ్డ కోసం ఎంఆర్ సీసా తెరవడానికి ఏఎన్ఎంలు తటపటాయిస్తారు. ఒక్క బిడ్డ వచ్చినా తెరవాల్సిందేనన్నది నియమం, మర్యాదగా గుర్తుచేయండి. అంతకన్నా సులువు, తొమ్మిది నెలలు దాటినవాళ్లందరినీ ఒకే గంటలో కూర్చోబెట్టడం. మీ దగ్గర జాబితా ఉంది కదా.

సెషన్ నాడు మీ వంతు: ఒక బల్ల, నాలుగు కుర్చీలు, పట్టా, చేతులు కడుక్కోవడానికి సబ్బూ నీళ్లూ. బల్లకు ఒకవైపు లోపలికి, మరోవైపు బయటికి. వరసలవారీగా షెడ్లు పిలవండి, అందరినీ ఒక్కసారి పిలిస్తే ఏడుపులకు సగం మంది వెనక్కి పోతారు. సూది పడ్డాక అరగంట కూర్చోబెట్టడం మీ పనే, ఏఎన్ఎంకు అటు చూసే తీరిక ఉండదు. ఆ అరగంటలో ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా, బిడ్డ వాలిపోయినా క్షణం ఆలస్యం లేకుండా ఏఎన్ఎంను పిలవాలి. అలాంటప్పుడు వాడే అత్యవసర మందుల కిట్ ఆమె దగ్గర ఉంటుంది. ఇంటికి వెళ్లాక మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా ఎవరికి ఫోను చేయాలో కార్డు మీద రాసివ్వండి. అంగన్‌వాడీ టీచర్‌ను కూడా అదే రోజు రమ్మనండి. బరువు తూచి, ఏడు నెలలు దాటిన పిల్లల్ని బాలామృతం జాబితాలో చేర్చుకుంటారు. వలస పిల్లలకూ అది దక్కాలి. ఫొటోలు తీయొద్దు. జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.

మీ ఉత్తరం డిసెంబరులో వచ్చింది. బట్టీ మే దాకా, మహా అయితే జూన్ తొలివారం దాకా నడుస్తుంది. జనవరిలో మొదలైతే ఫిబ్రవరి, మార్చిలలో రెండో, మూడో డోసులు పూర్తవుతాయి, ఏప్రిల్ మిగిలిపోయినవాళ్లకు ఉంటుంది. మార్చిలో మొదలైతే మూడో డోసు మేలో పడాలి, ఒక్క సెషన్ తప్పినా అంతే. అందుకే అర్జీ ఈ వారమే ఇవ్వండి. రెండు వారాల్లో కబురు రాకపోతే జిల్లా ఇమ్యునైజేషన్ అధికారి దగ్గరికి ముగ్గురు కలిసి వెళ్లండి, జాబితా పట్టుకుని. కూలీలు సొంతూళ్లకు వెళ్లిపోయేటప్పుడు ప్రతి కార్డునూ తల్లి ఫోనులో ఫొటో తీసి పెట్టండి. టీకాల వరస దేశమంతా దాదాపు ఒక్కటే, సొంతూళ్లో మిగతాది కొనసాగుతుంది. గర్భిణులకు టీడీ రెండు డోసులు, ఇక్కడే ప్రసవమైతే ఆస్పత్రిలోనే కావాలన్న మాట కూడా చెప్పండి. హెపటైటిస్-బి మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపే పడాలి, షెడ్డులో కాన్పయితే అది పోయినట్టే.

మీ 30 వేలు ఇక్కడ పనికొస్తాయి. నాలుగు సెషన్లకూ, వాటికి ముందు తిరిగే పూటలకూ ముగ్గురు ఒడియా ఆడవాళ్ల కూలి. పట్టా, నీళ్ల క్యాన్లు. ప్రతి సెషన్‌కూ రోజంతా అక్కడే ఉండే ఒక ఆటో, దాని డ్రైవరుకు దగ్గరి ఆస్పత్రి దారి ముందే చూపించి. ప్లాస్టిక్ కవర్లు కూడా కొనండి, బట్టీ దుమ్ములో, వానలో కార్డు నెలకన్నా నిలవదు. బియ్యం, చీరలు పంచుతామని చెప్పకండి, రెండోసారి అవి లేకపోతే జనమూ రారు. డాక్టరుగారిని సెషన్ రోజున వచ్చి, టీకా వేసుకున్నాక కూర్చునే ఆ అరగంటలో పిల్లల దగ్గు, గజ్జి, రక్తహీనత చూసి మందు రాయమనండి. డాక్టరు చూస్తారంటే మామూలుగా బయటికి రాని తల్లులు కూడా బిడ్డను ఎత్తుకుని వస్తారు.